వెండిని పట్టి ఉంచే పీచు

పత్తిలో దాదాపు 90 శాతం సెల్యులోజే. కొయ్యలో, వరిగడ్డిలో, చెరకు పిప్పిలో ఉన్నదీ అదే. ఆ పీచును చీల్చుకుంటూ పోతే చివరికి కొన్ని నానోమీటర్ల మందమున్న పోగులు దొరుకుతాయి. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. 1980ల తొలినాళ్లలో అమెరికాలో కలప గుజ్జును భారీ పీడనంతో ఇరుకు సందుల్లోంచి మళ్లీ మళ్లీ తోసి వీటిని తీశారు. దానికి కరెంటు విపరీతంగా ఖర్చయ్యేది. తర్వాత టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసోగాయ్ బృందం తేలిక దారి చూపింది: 'టెంపో' అనే ఉత్ప్రేరకంతో గుజ్జును ముందే ఆక్సీకరిస్తే పోగుల మీద రుణావేశం చేరుతుంది, అవి ఒకదాన్నొకటి నెట్టుకుని విడిపోతాయి.

మన కథకు కీలకం ఆ రుణావేశమే. సెల్యులోజ్‌కు సొంతంగా బ్యాక్టీరియాను చంపే గుణం లేదు, వెండికి ఉంది. ఈ పోగులను సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణ ద్రావణంలో వేస్తే వెండి అయాన్లు, అంటే ధనావేశమున్న వెండి పరమాణువులు, వచ్చి అతుక్కుంటాయి. వాటిని క్షయకరణం చేస్తే, అంటే ఎలక్ట్రాన్లు అందిస్తే, అక్కడికక్కడే వెండి నానోకణాలు పుడతాయి. తెల్లటి పొర పసుపు రంగుకు తిరుగుతుంది. వెండి అంత చిన్న కణాలైతే ఊదా, నీలి కాంతిని మింగేస్తుంది మరి! పీచు పట్టు లేకపోతే కణాలు ఒకచోట ముద్ద కట్టి, పనిచేసే ఉపరితలం తగ్గిపోతుంది.

ఇంతకీ బ్యాక్టీరియాను చంపేది కణమా, అయానా? 2012లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆక్సిజన్ తగలని చోట పరీక్షించారు. వెండి ఆక్సీకరణ చెందక అయాన్లు రాలేదు, ఇ.కోలై అనే బ్యాక్టీరియా చావలేదు. అంటే కణం ఒక గాదె మాత్రమే. అందులోంచి వచ్చే అయాన్లు బ్యాక్టీరియా ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుని వాటి పని ఆపేస్తాయి.

గాయాల కట్లకు ఈ జోడీ బాగా నప్పుతుంది. పోగుల వల స్రావాన్ని పీల్చుకుంటుంది, గాయాన్ని తడిగా ఉంచుతుంది. అయితే వెండి మోతాదు మించితే మన చర్మకణాలకూ హానే. పైగా బ్యాక్టీరియా వెండికీ అలవాటు పడగలదు. బోస్టన్‌లో కాలిన గాయాల వార్డులో వెండిని తట్టుకునే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా దొరికినట్టు 1975లోనే నమోదైంది.

ఈ రంగంలో తరచూ కనిపించే ఒక ఫోటో మీద నాకు అనుమానం ఉంది. బ్యాక్టీరియా పెంచిన పళ్లెంలో నమూనా ముక్క, దాని చుట్టూ ఏమీ పెరగని వలయం. వలయం ఎంత పెద్దదైతే అంత గొప్ప అని చూపిస్తారు. కానీ వెండిని గట్టిగా పట్టుకోలేక త్వరగా వదిలేసే పదార్థానికే వలయం పెద్దగా రావచ్చు. కట్టుగా వాడాలంటే అయిదో రోజున ఎంత వెండి మిగిలిందో, గాయంలోకి ఎంత దిగిందో కొలిచి చూపాలి.