ఆన్‌లైన్ క్లాసుకి పక్కన ఎవరు కూర్చోవాలి? కొన్ని అపోహలు - వాస్తవాలు

చూపులేనివాళ్లకి మేం ఆన్‌లైన్‌లో కంప్యూటర్ నేర్పుతాం. ఈ వారం కూడా అదే ఫోను. "మేడమ్, మా అబ్బాయికి కనిపించదు కదా, క్లాసు టైమ్‌లో పక్కన ఎవరు కూర్చోవాలి?" ఎవరూ కూర్చోనక్కర్లేదండీ.

అపోహ: చూపున్న మనిషి పక్కన లేనిదే ఆన్‌లైన్ ట్రైనింగ్ సాగదు.

వాస్తవం: అసలు మౌసే అక్కర్లేదు. తెర మీద ఉన్నది స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది, మిగతా పనంతా కీబోర్డుతోనే. జూమ్‌లో మ్యూట్ తీయాలంటే ఆల్ట్, ఏ కలిపి నొక్కాలి. వెబ్ పేజీలో హెచ్ నొక్కుతూ పోతే ఒక్కో హెడింగే వస్తుంది.

ఉప్పల్ నుంచి ఒకాయన చేరారు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బుతో చూపు తగ్గి, అకౌంట్స్ పని మానేశారు. అమీర్‌పేట కోచింగ్‌కి రోజూ రెండు బస్సులు మారలేక మా దగ్గరికొచ్చారు. ఎక్సెల్‌లో ఏ లెక్క ఇచ్చినా చకచకా చేసేవారు. కానీ మైక్‌లో టిక్కు టిక్కుమని చప్పుడు. "ఆ క్లిక్ ఎవరిదండీ?" అన్నాను. కాసేపు ఎవరూ పలకలేదు. "నేనేనండీ. ఆయన తడుముకుంటుంటే చూడలేక..." అన్నారు ఆయన భార్య. ఆవిడ మీద కోపం ఎలా వస్తుంది? కానీ రేపు ఆఫీసులో ఆవిడ పక్కన కుర్చీ వేసుకోలేరు కదా! ఆ రోజే మౌస్ పీకి బీరువాలో పెట్టించాను. తర్వాతి క్లాసులో ఒక్క టోటల్ తేల్చడానికి ఆయనకి ఇరవై నిమిషాలు పట్టింది. "4500, బి 7" అని గడిలోని అంకె, గడి పేరు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చదువుతుంటే మేమంతా మాట్లాడకుండా విన్నాం. టోటల్ సరిపోయింది.

ఇక మిగతావి. జాస్ అనే స్క్రీన్ రీడర్ ధర విని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. ఎన్‌వీడీఏ ఉచితం, మామూలు విండోస్ ల్యాప్‌టాప్ చాలు. బ్రెయిలీ రాకపోతే చేర్చుకోరన్నది వట్టి పుకారు. "రిజర్వేషన్ ఉందిగా, కంప్యూటర్ దేనికి?" అంటారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు కనీసం 4 శాతం. అందులో అంధులకు, లో విజన్ వాళ్లకు కలిపి 1 శాతం. పోటీ తప్పదు.

చూపు తగ్గిందని రాజీనామా రాసి పెట్టుకున్న ప్రభుత్వ ఉద్యోగులూ, దయచేసి ఆగండి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని అదే చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. ఆ పని చేయలేకపోతే అదే పే స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి. సంతకం పెట్టే ముందు ఫోన్‌లో తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, ఆ సెక్షన్ మీరే వినండి.