చూపుకు లెక్క నేర్పడం

కావలి

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. లెక్కపెట్టకుండా చూడగానే ఎన్ని ఉన్నాయో ఎలా చెప్పాలని మొన్న చిన్నది ఫోనులో అడిగింది. అది చేసి చూస్తే గాని తెలిసేది కాదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

గుప్పెడు చింతగింజలు తీసుకోండి. ఒకరు పళ్లెంలో కొన్ని వేసి గుడ్డ కప్పాలి. రెప్పపాటు గుడ్డ తీసి, మళ్లీ కప్పెయ్యాలి. ఎన్ని ఉన్నాయో రెండోవారు చెప్పాలి. నాలుగింటి వరకు ఆలోచించే పనే ఉండదు, సంఖ్య దానంతటదే తెలిసిపోతుంది. అష్టాచమ్మాలో ఉండేవి నాలుగు గవ్వలే కదా! వెల్లకిలా ఎన్ని పడ్డాయో ఎవరూ వేలు పెట్టి లెక్కించరు. చూస్తూనే చెప్పేస్తారు.

ఐదు, ఆరు అయ్యేసరికి తడబాటు మొదలవుతుంది. దానికి చిన్నబుచ్చుకోకండి, మనుషులందరి చూపూ అంతే. విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త దీన్ని తన మీద తానే పరీక్షించుకున్నాడు. నల్ల చిక్కుడుగింజలు పెట్టెలోకి విసిరి, చూడగానే తోచిన సంఖ్య చెప్పి, ఆ తర్వాత లెక్కపెట్టేవాడు. అలా వెయ్యిసార్లకు పైగా చేసి, ఫలితాలను 1871లో ప్రచురించాడు. మూడు, నాలుగు గింజలు పడినప్పుడు ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఐదు దగ్గర తప్పులు మొదలై, గింజలు పెరిగేకొద్దీ పెరిగాయి. గింజలు, కాగితం తప్ప ఇంకేమీ అక్కర్లేని ఇలాంటి పరిశోధన అంటే నాకు ఎంతో ఇష్టం.

నాలుగు దాటితే గుంపులుగా చూడటం అలవాటు చేసుకోవాలి. ఏడు గింజలుంటే ఏడింటినీ ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. ఇటు నాలుగు, అటు మూడు అన్నట్టు చూపును విడదీయండి. పాచిక మీద ఐదు చుక్కలు ఇట్టే తెలిసేది వాటి అమరిక మనకు అలవాటైంది కాబట్టే.

ఇరవై, ముప్పై గింజలకు వచ్చాక ఒక నియమం తప్పకుండా పాటించాలి. ముందు అంచనా పైకి చెప్పాలి, కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే లెక్కపెట్టాలి. లెక్కపెట్టకుండా వదిలేస్తే ఎన్ని రోజులు ఆడినా చూపుకు తన పొరపాటు తెలియదు. ఇంకో మాట, వందకు పది తేడా వచ్చినా, పదికి ఒకటి తేడా వచ్చినా తప్పు ఒకే పాటిది. కాబట్టి పెద్ద సంఖ్యల దగ్గర తేడా పెరిగిందని ఆట మానెయ్యకండి. గింజలను ఒకసారి దగ్గరగా, ఒకసారి ఎడంగా పరిచి చూడండి. అవే గింజలు ఎడంగా ఉంటే ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తాయి.

మన తీరంలో రొయ్యల చెరువుల దగ్గర ఈ నేర్పు రోజూ పనికొస్తుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది అన్ని కౌంట్ అంటారు. ముప్పై కౌంట్ రొయ్య పెద్దది, వంద కౌంట్ రొయ్య చిన్నది, ధర కూడా దాన్ని బట్టే. అనుభవం ఉన్న రైతు వలలో పడిన రొయ్యలను చూసి ఎంత కౌంటో చెబుతాడు, తర్వాత తూకం వేసి సరిచూసుకుంటాడు. చెప్పడం, సరిచూసుకోవడం ఏళ్ల తరబడి సాగినందువల్లే ఆ కంటికి అంత గురి కుదిరింది.

పక్షులను లెక్కించేవారి పద్ధతి కూడా నేర్చుకోండి. పులికాట్ సరస్సులో రాజహంసలు వందల్లో గుంపు కట్టి నిలబడితే ఒక్కొక్కటిగా ఎవరు లెక్కించగలరు? ముందు ఒక అంచున పది పక్షులు లెక్కపెడతారు. ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో చూసి, అలాంటి చోట్లు గుంపు మొత్తంలో ఎన్ని పడతాయో చూపుతోనే కొలుస్తారు. గుంపు పెద్దదైతే పదికి బదులు వందతో కొలుస్తారు. పెద్ద గుంపును మన కళ్లు సాధారణంగా తక్కువగానే అంచనా వేస్తాయి, అది గుర్తుంచుకోండి.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మీరు సంక్రాంతికి వస్తే నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకెళతాను. అక్కడ చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కట్టి ఉంటాయి. ముందు అంచనా రాసుకుందాం, తర్వాత ఫోటో తీసి, ఇంటికొచ్చాక ఒక్కొక్క పక్షి మీద చుక్క పెడుతూ లెక్కపెడదాం. ఈలోగా ఒక నోటుపుస్తకంలో రెండు గడులు గీసి, ఒకదాంట్లో అంచనా, రెండోదాంట్లో లెక్క రాస్తూ ఉండండి. ఆ పుస్తకం మర్చిపోకుండా తీసుకురండి.

మీ అమ్మమ్మ