మాయకు ముందు కథ: ఫాంటసీ హాస్య చిత్రాల తడబాటు వెనుక

భారీ ఖర్చుతో తీసిన ఫాంటసీ హాస్య చిత్రం ఏది వచ్చినా, విజయవాడ గాంధీనగర్‌లో తొలి ఆట విడిచాక హాలు బయట వినిపించే మాట దాదాపు ఒకటే. సెట్టింగులు అదిరాయి, గ్రాఫిక్స్ బాగున్నాయి, కామెడీ అక్కడక్కడా పండింది, సెకండాఫ్ మాత్రం సాగదీశారు. దీన్ని ప్రేక్షకుడి విసుగుగా తీసిపారేయడం సరికాదు. 1921లోనే మారుతి హాలు వెలసిన ఊరు ఇది. ఆ తరువాత ఆంధ్ర ప్రాంతపు సినిమా పంపిణీకి కేంద్రంగా ఎదిగింది. ఇక్కడి ప్రేక్షకుడి చేతిలో ఉన్న కొలబద్ద చాలా పాతది, చాలా కచ్చితమైనది.

ఆ కొలబద్ద పేరు ‘పాతాళభైరవి’. 1951లో విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రాహకుడు. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి. కళాదర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలేదీ ఆ చుట్టుపక్కల ఊరే. గుంటూరు జిల్లా పాఠకుడికి ఇది కొంత గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి. అందులోని హాస్యం కథకు తగిలించిన తోక కాదు. కథానాయకుడు తోటరాముడి నేస్తం, ప్రతినాయకుడైన మాంత్రికుడి శిష్యుడి వేషంలో వచ్చి, గురువుకు నచ్చజెప్పి గడ్డం గీయించడంతోనే మాంత్రికుడి శక్తి సన్నగిల్లుతుంది. నవ్వు పుట్టించే ఆ ఘట్టాన్ని తీసేస్తే కథ ముందుకు నడవదు. ఈ ఒక్క లక్షణాన్ని తరువాతి వాళ్లు ఎందుకు వదులుకున్నారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

జవాబులో కొంత కెమెరాలోనే ఉంది. ఆనాటి ట్రిక్ ఫొటోగ్రఫీలో ఫ్రేములో కొంత భాగాన్ని మూసి చిత్రీకరించి, ఫిల్మును వెనక్కి తిప్పి, మిగిలిన భాగాన్ని మళ్లీ అదే ఫిల్ముపై తీసేవారు. రెండోసారి నటుడు ఒక అడుగు తప్పినా మొదటిసారి పడ్డ శ్రమంతా వృథా అయ్యేది. అందువల్ల మాయ ఎక్కడ, ఎంతసేపు, ఎందుకు అన్నది సెట్లోకి అడుగుపెట్టకముందే తేల్చుకోక తప్పేది కాదు. పైగా కె.వి. రెడ్డి ప్రతి సన్నివేశానికీ పట్టే కాలాన్ని ముందే కొలిచి చూసుకున్న దర్శకుడు.

తరువాత దర్శకుడు విఠలాచార్య తక్కువ ఖర్చులో, తక్కువ రోజుల్లో జానపద చిత్రాలు తీసి ఊరూరా ఆడించారు. 1977లో ‘యమగోల’ యముణ్ణి భూలోకానికి దింపింది. 1990లో, విజయవాడకు చెందిన అశ్వనీదత్ నిర్మించిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ దేవకన్యను దింపింది. ఈ చివరి రెండింటిలో మాయ తక్కువే. దేవలోకం వాళ్లు మన మధ్య ఇమడలేకపోవడమే నవ్వుకూ కథకూ ఒకే మూలం కావడంతో రెండూ విడిపోలేదు.

విడిపోవడానికి దోహదం చేసినవి రెండు. హాస్యనటులకు విడిగా ‘కామెడీ ట్రాక్’ రాయించి, వాళ్ల కాల్షీట్ల (షూటింగుకు ఇచ్చిన తేదీల) ప్రకారం విడిగా చిత్రీకరించే అలవాటు ఒకటి. కంప్యూటర్ గ్రాఫిక్స్ రెండోది. పచ్చని తెర ముందు నటుణ్ణి నిలబెట్టి, అతడి వెనుక ఏముండాలో నెలల తరువాత నిర్ణయించుకునే వీలు వచ్చాక, ముందే తేల్చుకోవలసిన నిర్బంధం పోయింది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో ఏళ్ల తరబడి నిర్మాణంలో ఉండి 2004 సంక్రాంతికి విడుదలైన ‘అంజి’ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ పురస్కారం తెచ్చుకుంది. ఆ పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది. అయినా పెట్టిన ఖర్చుకు, పడిన శ్రమకు తగిన ఆదరణ దానికి దక్కలేదు.

వ్యాపార పద్ధతి కూడా ఇందుకు తోడైంది. కృష్ణా, గుంటూరు ఏరియాల పంపిణీ హక్కుల బేరం చాలాసార్లు సినిమా పూర్తికాకముందే మొదలవుతుంది. అప్పటికి కొనేవాడి ముందుండేవి హీరో పేరు, బడ్జెట్టు, మహా అయితే ఒక టీజరు. టీజరులో కోట కనిపిస్తుంది, రెక్కల గుర్రం కనిపిస్తుంది, సెకండాఫ్ కనిపించదు.