ఆర్‌ఎస్‌ఐ 70 దాటితే అమ్మేయొచ్చా? షార్ట్ సెల్లింగ్‌పై అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళంలో ఇంట్రాడే (ఒకే రోజులో కొని అమ్మడం) నేర్చుకుంటున్న కుర్రాళ్లు షార్ట్ గురించి మమ్మల్ని ఎక్కువగా అడిగేవి ఇవే. చేతిలో లేని షేరు ముందు అమ్మి, పడ్డాక కొనడం వినడానికి తేలికే. ఎప్పుడు అమ్మాలన్నదే కష్టం.

అపోహ: ఆర్‌ఎస్‌ఐ 70 దాటింది, ఇక పడడమే.

వాస్తవం: ఆర్‌ఎస్‌ఐ అనేది ధర జోరును 0 నుంచి 100 దాకా కొలిచే సూచిక. అది 70 అంటే గత 14 క్యాండిళ్లలో (చార్టులో ఒక్కో కాలవ్యవధి ధరను చూపే కడ్డీలు) సగటు పెరుగుదల, సగటు తరుగుదల 70:30గా ఉన్నాయని అర్థం. కొనేవాళ్ల జోరు తెలుస్తుందే గానీ, ఆ జోరు తగ్గిందని కాదు. గట్టి అప్‌ట్రెండ్‌లో రోజువారీ చార్టులో వారాల తరబడి 70 పైనే ఉండగలదు. అక్కడ షార్ట్ చేయడం వంశధార వరదకు ఎదురీదడమే.

డైవర్జెన్స్, అంటే ధర కొత్త ఎత్తుకి వెళ్లినా ఆర్‌ఎస్‌ఐ వెళ్లకపోవడం, కొంత నయం. 15 నిమిషాల చార్టులో ధర 500 తాకి, 484కి దిగి, మళ్లీ 508కి ఎక్కిందనుకోండి. ఆర్‌ఎస్‌ఐ మొదటి శిఖరంలో 78, రెండోదాంట్లో 69. ఇది హెచ్చరిక మాత్రమే, అప్పుడే అమ్మకండి. 484 కింద క్యాండిల్ ముగియాలి, వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) గత 20 క్యాండిళ్ల సగటు దాటాలి. క్యాండిల్ తోక (కింది సన్నని గీత) మాత్రం కిందికి దిగి, ముగింపు పైన ఉంటే లెక్కలోకి రాదు.

అపోహ: డెత్ క్రాస్ పడితే వెంటనే షార్ట్.

వాస్తవం: 50 రోజుల సగటు 200 రోజుల సగటు కిందికి వచ్చేసరికి పతనంలో చాలా భాగం తరచు అయిపోయి ఉంటుంది. దిశ చూసుకోవడానికి సరే, ఎంట్రీకి పనికిరాదు.

అపోహ: స్టాప్‌లాస్ (నష్టం ఆపుకునే ధర) మనసులో ఉంటే చాలు.

వాస్తవం: కొన్న షేరు సున్నా దాకానే పడుతుంది, షార్ట్ చేసిన షేరు పెరగడానికి హద్దు లేదు. లక్ష పెట్టుబడిలో ఒక ట్రేడ్‌కి 1 శాతం, అంటే 1000 రూపాయలకు మించి పోకూడదు. 484కి అమ్మి 492 దగ్గర స్టాప్ అంటే షేరుకి 8 రూపాయలు, కాబట్టి 125 షేర్లే. అమ్మిన వెంటనే కొనుగోలు ఎస్‌ఎల్ (స్టాప్‌లాస్) ఆర్డర్ పెట్టండి: ట్రిగర్ (ఆర్డర్ మొదలయ్యే ధర) 492, లిమిట్ (అంతకుమించి కొనని ధర) 493.50. రెండూ 492 పెడితే, ధర ఒక్కసారిగా 493కి ఎగిరినప్పుడు ఆర్డర్ పెండింగ్‌లోనే ఉండిపోతుంది. లాభంలో కవర్ చేశాక (తిరిగి కొన్నాక) ఈ ఆర్డర్ రద్దు చేయడం మరవకండి, లేకుంటే ధర మళ్లీ 492కి వస్తే అక్కర్లేని 125 షేర్లు కొనేసినట్టవుతుంది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఎలా చీకట్లో ముంచిందో మనకి తెలుసు. అలాంటప్పుడు ఫోన్ మూగబోయినా, ఎక్స్ఛేంజీలో పెట్టిన ఆర్డర్ పనిచేస్తుంది.

అపోహ: మధ్యాహ్నం 3:20కల్లా బ్రోకరే తిరిగి కొని షార్ట్ కట్ చేసేస్తాడు.

వాస్తవం: షేరు అప్పర్ సర్క్యూట్‌లో (ఆ రోజు ధర దాటలేని పై హద్దు) ఇరుక్కుంటే అమ్మేవాడే ఉండడు, బ్రోకర్ కూడా కొనలేడు. మీరు షేరు ఇవ్వలేకపోతే, దాన్ని కొనడానికి ఎక్స్ఛేంజీ వేలం పెడుతుంది. వేలంలోనూ దొరక్కపోతే, వేలం రోజు ముగింపు ధరకి 20 శాతం పైన గానీ, ట్రేడ్ రోజు నుంచి వచ్చిన గరిష్ఠ ధర గానీ, ఏది ఎక్కువైతే ఆ ధర లెక్కన మీ ఖాతాలో కోస్తారు. 5, 10 శాతం సర్క్యూట్ ఉన్న చిన్న షేర్ల జోలికి పోకండి. స్థిరమైన సర్క్యూట్ లేని ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) జాబితా షేర్లలోనే షార్ట్ చేయండి.