రెండో చేయి ఎవరిది? బరంపురం మగ్గం దగ్గర అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో మాలాంటి దేవాంగుల ఇళ్ళలో తెలుగు, వీధి దాటితే ఒడియా, షావుకారు దగ్గర రెండూ. పట్టు నేస్తాం. చీర కొనడానికి వచ్చేవాళ్ళు, పెళ్ళికి మగవాళ్ళు కట్టుకునే జోడు కావాలని ఫోన్ చేసేవాళ్ళు, డిజైన్ కోర్సు చదువుతూ మా పని చూడ్డానికి వచ్చే పిల్లలు, అందరూ పట్టు గురించి ఏదో కొంత చదువుకునే వస్తారు. ఆ పట్టు నేసే మనుషుల గురించే తప్పు లెక్కలు వేసుకొస్తారు. నా చెవిన ఎక్కువగా పడేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: చీర అంటే ఒక కళాకారుడి సృష్టి.

పట్టు చాలావరకు కర్ణాటక నుంచి వస్తుంది. వచ్చిన ముడిపట్టుకి జిగురు ఉంటుంది. బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఆ జిగురే. సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి అది తీసేస్తేనే మెరుపు బయటపడుతుంది, రంగు పడుతుంది. ఆ ఉడకబెట్టేవాడు ఒకడు. కొంచెం ఎక్కువసేపు ఉంచాడా, పోగు మెత్తబడి మగ్గం మీద పుటుక్కుమంటుంది. తరువాత అద్దకం. ఆ తరువాత కండెలు చుట్టడం, ఆసు పోయడం అంటే పడుగు (నిలువు పోగులు) సిద్ధం చేయడం, పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటీ మెలిపెట్టి అతకడం. ఇన్ని చేతులు దాటాక గానీ నేను మగ్గంలో కాళ్ళు పెట్టను.

2019–20 దేశవ్యాప్త చేనేత గణనలో నేసేవాళ్ళు సుమారు 26.73 లక్షల మంది అని, నేతకు ముందూ వెనకా పనులు చేసే అనుబంధ కార్మికులు 8.48 లక్షల మంది అని లెక్క తేలింది. మొత్తం మీద నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్ళే. అయినా ఎగ్జిబిషన్లో చీర పక్కన చిన్న అట్టముక్క మీద ఒక మగవాడి పేరే ఉంటుంది. ఆ చీరకి కండెలు చుట్టిన ఇంటావిడ పేరు అట్ట మీదే కాదు, ఇంట్లోవాళ్ళ నోట కూడా రాదు.

అపోహ: మగ్గం మీద రెండోవాడు ఉత్త సాయానికే.

దీనికి జవాబు కాస్త పొడుగు, ఎందుకంటే మా పని గుట్టంతా ఇక్కడే ఉంది.

బరంపురం పట్టుకి పేరు తెచ్చింది ఫోడా కుంభం, అంటే అంచు మీద వరసగా లేచే గుడి గోపురాలు. కుప్పడం చీరల మీద మన తెలుగు నేతగాళ్ళు వేసే కోటకొమ్మ చూసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. బాడీ ఒక రంగు, అంచు ఇంకో రంగు. ఒక రంగు పేక, అంటే అడ్డపోగు, రెండో దాంట్లోకి చొరబడకూడదు. అందుకని పేకను అటూ ఇటూ మోసే నాడెలు మూడు కావాలి. బాడీకి ఒకటి, రెండు వైపులా అంచులకు చెరొకటి. బాడీ పేక అంచు దాకా వచ్చి, అంచు పేకతో మెలిక పడి వెనక్కి మళ్ళుతుంది. గోపురం లేవాలంటే ఆ మెలిక పడే చోటు ప్రతి పేకకీ రెండేసి పడుగు పోగులు లోపలికి జరగాలి. కొస దాకా వెళ్ళాక మళ్ళీ అలాగే బయటికి రావాలి. అటు అంచు నా జతగాడిది, ఇటు అంచు నాది, మధ్య నాడె ఇద్దరిదీ.

ఇప్పుడు చెప్పండి, ఇందులో సాయం చేసేవాడెవరు?

మెలిక పడ్డాక పేకను ఎంత బిగించి లాగాలన్నది ఎవరూ ఎవరికీ నోటితో నేర్పలేరు. ఎక్కువ లాగితే అంచు ముడుచుకుపోతుంది, తక్కువ లాగితే మెలిక దగ్గర సందు పడుతుంది. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే ఆ సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. ఇద్దరి లాగుడూ ఒకటి కాకపోతే చీర ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. అందుకే మా దగ్గర ఒక కట్టుబాటు. మొదలుపెట్టిన జత మధ్యలో మారకూడదు. జతగాడికి జ్వరమొస్తే చీర ఆగుతుంది. షావుకారు ఎంత గొణిగినా ఆగుతుంది. మధ్యలో ఇంకొకర్ని కూర్చోబెట్టిన చీరని మడత విప్పగానే, ఎక్కడ చేయి మారిందో మా వీధిలో ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు.

ఒకరి లాగుడు ఒకరికి అలవాటైతే మాటలతో పని ఉండదు. మేం మాత్రం మాట్లాడుకుంటూనే ఉంటాం, అది వేరే సంగతి. ఎక్కువగా క్రికెట్, కోడళ్ళ గొడవలు.

అపోహ: స్నేహితులన్నాక ఒకరి పనిని ఒకరు మెచ్చుకోవాలి.

మెచ్చుకోలుకి కొనేవాళ్ళున్నారు. జతగాడు తప్పు చూపించాలి. అదీ వెంటనే చూపించాలి, ఎందుకంటే నాలుగు పేకల కింద దొర్లిన తప్పుని విప్పి మళ్ళీ నేయవచ్చు. మూర దాటాక విప్పబోతే పట్టు పోగు నలిగి నూగు లేస్తుంది, ఆ చోట మెరుపు తిరిగి రాదు. మొహమాటపడి సాయంత్రం దాకా ఊరుకున్నవాడు చీరని చెడగొట్టినట్టే. మా జతలో 'ఆగు' అన్న మాట వినబడగానే రెండోవాడి చేయి ఆగాలి. ఎందుకని అడగడం ఆ తరువాత.

బయటివాళ్ళకి ఇది కోపంలా కనిపిస్తుంది. కొత్తగా పెళ్ళై మా ఇంటికొచ్చిన ఒకమ్మాయి మేం కొట్టుకుంటామేమోనని వాకిట్లోకి వచ్చి నిలబడేది.

అపోహ: ఒకే పని చేసేవాళ్ళ మధ్యే కొత్త ఆలోచన పుడుతుంది.

నాకున్న మంచి స్నేహితుల్లో ఒకడిది పర్లాకిమిడి. ఇంట్లో ఒడియా, నాతో మన శ్రీకాకుళం తెలుగు. కొమ్ములతో బొమ్మలు చెక్కుతాడు. చచ్చిన పశువుల కొమ్ములే వాడతారు, పని కోసం పశువుని చంపరు. ఇది కూడా చాలామందికి తెలియదు కాబట్టి చెప్పేశాను. కొమ్ముని సెగ మీద వేడిచేస్తే మెత్తబడి వంగుతుంది, వంచి పట్టుకుని చల్లారనిస్తే ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది. ఆ తరువాత అంతా చెక్కడం, ఆకురాయి వేయడం, గీకడం, నునుపు పెట్టడం. కొంగ మెడా, రొయ్య మీసమూ అలా తేలతాయి. నేను పోగు మీద పోగు చేర్చుకుంటూ పోయేవాణ్ణి. వాడు అక్కర్లేనిది తీసేసుకుంటూ పోయేవాడు. అందుకే వాడి కన్ను ముందు మొన మీదికే పోతుంది. రొయ్య మీసం కొస విరిగిందంటే వాడి పనంతా పోయినట్టే.

ఓసారి నా అంచు చూసి అన్నాడు:

"బావా, నీ గోపురాలన్నీ బోడిగున్నాయేటి? కలశం ఎవుడు పట్టుకుపోనాడు?"

"రెండేసి పోగులు జరిపితే అలాగే వస్తాదిరా."

"కొస కాడ కూడా రెండే జరపాలని ఎవులు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి రెండు, అంతే. జతగాడూ నేనూ గ్రాఫ్ కాగితం మీద గీసుకున్నాం. అడుగున రెండేసి, మొన దగ్గరకొచ్చేసరికి పేకకి మూడేసి పోగులు. పక్కలు లోపలికి వంగి మొన సన్నగా లేచింది. ఇప్పుడు కొందరు కొనేవాళ్ళు అదే కావాలని అడుగుతున్నారు. మా వీధిలో పాతవాళ్ళకి మాత్రం నచ్చలేదు. కుంభం నిండుగా ఉండాలిగానీ సూదిలా ఏమిటని అంటారు. వాళ్ళదీ ఒక లెక్కే. జోడు నేసినప్పుడు నేను పాత పద్ధతే వేస్తాను.

అపోహ: కలిసి కూర్చుంటే డిజైన్లు కాజేస్తారు.

ఫోడా కుంభం నాది కాదు, నా స్నేహితుడిదీ కాదు. 'బరంపురం పట్టు (ఫోడా కుంభం) చీర, జోడు' అన్న పేరుకి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉంది. ఆ పేరు ఈ ప్రాంతంలో నేసేవాళ్ళందరిదీ. నేసేవాళ్ళు ఎవరికి వారు అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవచ్చు. అందరికీ చెందినదాన్ని పక్కవాడు వేస్తే కాజేసినట్టు కాదు.

కొత్తగా మీరు కట్టిన డిజైన్ సంగతి వేరు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. నమోదైతే 10 ఏళ్ళ రక్షణ, మరో 5 ఏళ్ళు పొడిగించుకోవచ్చు. ఇద్దరు కలిసి కట్టినదైతే ఇద్దరి పేర్లతోనూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నమోదుకి ముందే బయటపెట్టిన డిజైన్ చట్టం దృష్టిలో కొత్తది కాదు. మన పిల్లలేమో చీర మగ్గం దిగకముందే ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేస్తారు. స్నేహితుడు కాజేస్తాడేమోనని గ్రాఫ్ కాగితం పెట్టెలో దాచేది కూడా వీళ్ళే.

అపోహ: డబ్బు మాట వస్తే స్నేహం చెడుతుంది.

డబ్బు మాట చీర దిగాక వస్తే చెడుతుంది. పడుగు ఎక్కించే ముందే వస్తే ఏమీ కాదు. మేం ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాం. పట్టు ఎవరు తెచ్చారు, అడ్వాన్సు ఎంత, కూలి ఎలా పంచుకోవాలి, చీర దెబ్బతింటే నష్టం ఎవరి మీద ఎంత. కండెలు చుట్టినందుకు ఇంటి ఆడవాళ్ళకి వేరే వరస ఉంది, అందులో అంకె ఉంటుంది. దీని మీద మా జతగాడి నాన్న, "మన ఇంటి మనిషికి కూలి రాసుకోవడమేటి" అని చాలాకాలం అలిగాడు. రాయడం మానలేదు.

సహకార సంఘంలో సభ్యత్వం ఉంటే ఇదంతా అక్కర్లేదని కొందరంటారు. సంఘం నూలు, పట్టు ఇప్పిస్తుంది, చీర కొంటుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో సంఘం చెప్పలేదు. నాకు తెలిసిన ఒక శిక్షణ కేంద్రంలో పిల్లల్ని జతలుగా విడగొట్టడానికి హాజరు పట్టీ వరసనే వాడారు. నెల తిరక్కుండా సగం మగ్గాలు ఒంటరివయ్యాయి.

అపోహ: గిరిజన ఆడపిల్లల కుట్టుపని ఉబుసుపోక చేసేది.

రాయగడ వెళ్ళేవాళ్ళు సంతలో డొంగ్రియా కొంధ్ శాలువా చూసి ఈ మాట అంటారు. ఆ కుట్టుపనిని కపడాగండా అంటారు. నియమగిరి కొండల అమ్మాయిలు కూడి కూర్చుని, మాటల మధ్య, ఒకరి వరసలు చూసి ఒకరు కుడతారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలు, మూడు కోణాల బొమ్మలు, గీతలు. మనసిచ్చినవాడికో, అన్నకో, తండ్రికో ఇవ్వడానికి కుడతారు. గుడ్డ వాళ్ళు నేయరు, డొంబు కులపు నేతగాళ్ళ దగ్గర తీసుకుంటారు. అంటే అక్కడ కూడా శాలువా రెండు వేర్వేరు జనాల చేతుల్లోంచి వస్తుంది. 2024 జనవరిలో జీఐ వచ్చింది. మా గోపురం వరసా వాళ్ళ మూడు కోణాల వరసా పక్కపక్కన పరిచి చూడండి. నేతగాడికి ఓ పూట గడిచిపోతుంది.

అపోహ: ఇది తెలుగువాళ్ళ పని. కాదు, ఒడియావాళ్ళ పని.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైంది. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం ఇటు వచ్చింది. పర్లాకిమిడి జమీందారీ అయితే రెండు ముక్కలైంది. మగ్గాలకి ఆ గీత తెలియదు. నేసే దేవాంగులు తెలుగు మాట్లాడతారు, కట్టుకునే ఇళ్ళలో ఎక్కువ ఒడియా ఇళ్ళు. అంచు ఎంత వెడల్పుండాలో, ఎరుపు ఏ ఎరుపు కావాలో చెప్పింది వాళ్ళే. ఇంతకన్నా దీని మీద వాదించే ఓపిక నాకు లేదు.

అపోహ: ఫోన్లు వచ్చాక పక్కనే కూర్చోనక్కర్లేదు.

మా గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకి పోయినవాళ్ళు లెక్కకు మించి ఉన్నారు. వాళ్ళలో నా పాత జతగాడొకడు. మామూలు పవర్‌లూమ్ మీద మా మెలిక అంచు రాదు, వాడి చేతికి అక్కడ పని లేదు. కన్నుకి మాత్రం ఉంది. గ్రాఫ్ గీసి ఫొటో పంపితే రాత్రి షిఫ్టు దిగాక చూసి, ఫలానా గడి ఎక్కువైందని వాయిస్ మెసేజ్ పెడతాడు. నూటికి తొంభై సార్లు వాడు చెప్పిందే ఖాయం చేస్తాను.

రంగు దగ్గర మాత్రం ఫోన్ నమ్మకూడదు. అద్దిన పట్టు ఎరుపు ఒక ఫోన్లో వంకాయ రంగులో, ఇంకో ఫోన్లో కనకాంబరంలా కనిపిస్తుంది. పెళ్ళివాళ్ళతో తగాదాలు సగం దీనివల్లే. అందుకని అద్దకం అయ్యాక పడుగు పోగులు నాలుగు, పేక పోగులు నాలుగు మెలిపెట్టి కవర్లో వేసి పోస్టు చేస్తాం, సూరత్‌కైనా, కొనేవాళ్ళకైనా. మెలిపెట్టకుండా విడివిడిగా పంపొద్దు. రెండు రంగులు కలిసినప్పుడు వచ్చే మెరుపు విడిపోగుల్లో తెలియదు.