ప్రయోగశాలకూ పంపుహౌసుకూ మధ్య: ఉప్పునీటి శుద్ధిలో పైలట్ పరీక్షలు, ప్రభుత్వ నిధులు

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో అలమొగార్డో అనే చిన్న పట్టణం ఉంది. ఆ పేరు వినగానే చాలామందికి 1945 నాటి తొలి అణుపరీక్ష గుర్తుకు వస్తుంది గాని, నీటి ఇంజనీర్లకు ఆ ఊరు వేరే కారణంతో పరిచయం. పట్టణానికి దగ్గర్లోనే వైట్ శాండ్స్ అనే తెల్లని దిబ్బలున్నాయి. చూడడానికి ఇసుకలా ఉన్నా అది మామూలు ఇసుక కాదు, జిప్సం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను తయారు చేసేది ఆ ఖనిజంతోనే. ఆ లోయ అడుగున ఉన్న నీరు వేల ఏళ్లుగా జిప్సాన్ని కరిగించుకుంటూ రావడం వల్ల తాగడానికే కాదు, చాలా పంటలకు కూడా పనికిరాకుండా పోయింది. శుద్ధి చేయడానికి ఇంత మొండి నీరు దొరుకుతుంది కాబట్టే, అమెరికా ఇంటీరియర్ శాఖకు చెందిన బ్యూరో ఆఫ్ రెక్లమేషన్ అక్కడ 40 ఎకరాల స్థలంలో ఉప్పటి భూగర్భజలాల మీద ఒక జాతీయ పరిశోధన కేంద్రాన్ని కట్టి 2007 ఆగస్టులో ప్రారంభించింది. అక్కడి బావుల్లో ఉప్పు శాతం ఒక్కోదానిలో ఒక్కో రకంగా ఉంటుంది. ఒక బావి నుంచి భూమి లోపలి వేడి వల్ల వేడిగానే నీరు వస్తుంది. విశ్వవిద్యాలయాల వాళ్లు, కంపెనీల వాళ్లు తమ యంత్రాన్ని ట్రైలర్ మీద తెచ్చుకొని, కావలసిన బావి గొట్టానికి తగిలించుకొని, వారాల తరబడి, నెలల తరబడి నడిపి చూసుకుంటారు. వాడగా మిగిలిన ఉప్పునీరు ఎండకు ఆవిరయ్యే మడుగుల్లోకి పోతుంది.

ప్రభుత్వం డబ్బు పెట్టి ఇలాంటి చోటును నడపవలసిన అవసరమేమిటన్న ప్రశ్నకు జవాబు నీటి స్వభావంలోనే దొరుకుతుంది.

ఉప్పును ఆపి నీటిని మాత్రం పోనిచ్చే కొత్త పొరను ప్రయోగశాలలో పరీక్షించేవారు మామూలుగా శుద్ధమైన నీటిలో వంట ఉప్పు కలిపి వాడతారు. ఆ నీటిలో బంకమట్టి రేణువులుండవు, పాచి ఉండదు, ఇనుము, సిలికా ఉండవు. అరచేయంత పొర ముక్క మీద కొన్ని గంటల పాటు ఆ నీటిని ఒత్తిడితో నెడితే ఫలితాలు అద్భుతంగానే వస్తాయి. అదే పొరను పెద్ద గొట్టంలో చుట్టి బావి నీటికి అప్పగిస్తే కథ మారిపోతుంది. ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. వంద లీటర్ల ఉప్పునీటి నుంచి ఎనభై లీటర్ల మంచినీరు తీశామనుకుందాం. వంద లీటర్లలో ఉన్న ఉప్పంతా, దాదాపుగా, మిగిలిన ఇరవై లీటర్లలోకి చేరుతుంది. అంటే ఆ నీరు ఐదు రెట్లు చిక్కనవుతుంది. తొంభై లీటర్లు తీస్తే చిక్కదనం పది రెట్లకు చేరుతుంది. జిప్సం లీటరు నీటిలో దాదాపు రెండున్నర గ్రాములకు మించి కరగదు కనుక, అప్పటికే సగం దూరం వచ్చి ఉన్న అలమొగార్డో నీరు ఈ చిక్కదనాన్ని తట్టుకోలేదు. జిప్సం స్ఫటికాలుగా మారి, స్నానాల గదిలో కుళాయికి గార పట్టినట్టు పొర మీద పేరుకుంటుంది. ఆ పేరుకోవడం కొన్ని గంటల్లో బయటపడేది కాదు. మూడో వారంలోనో, ఆరో వారంలోనో కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచితేగాని అంతే నీరు రాని పరిస్థితి వచ్చినప్పుడు ఆపరేటరుకు అనుమానం మొదలవుతుంది.

అసలు కర్మాగారానికి ముందు అసలు నీటితో చిన్న స్థాయిలో నడిపి చూసే పైలట్ ప్లాంటులో పనిచేసేవారు రోజూ చేసే ఒక పరీక్ష ఉంది. దాన్ని ఎస్‌డీఐ (సిల్ట్ డెన్సిటీ ఇండెక్స్) అంటారు; నీరు పొరను ఎంత తొందరగా పూడ్చగలదో చెప్పే అంకె అది. చేయడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న, అరచేతిలో పట్టేంత గుండ్రటి వడపోత బిళ్ల గుండా నిర్ణీత ఒత్తిడితో నీటిని పంపి, అర లీటరు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచీతో చూస్తారు. నీటిని ఆపకుండా పదిహేను నిమిషాలు పోనిచ్చి, మళ్లీ అర లీటరుకు ఎంతసేపు పట్టిందో కొలుస్తారు. మొదట ముప్పై సెకన్లు, తరవాత అరవై సెకన్లు పట్టిందంటే బిళ్ల సగానికి సగం పూడుకుపోయిందన్నమాట; ఆ యాభై శాతాన్ని పదిహేను నిమిషాలతో భాగిస్తే 3.3 వస్తుంది. ఈ అంకె 5 దాటిన నీటిని తమ పొరల మీదికి పంపవద్దని తయారీదారులు చెబుతారు, 3 లోపు ఉంటే సంతోషిస్తారు. అనుభవమున్న ఆపరేటరు అంకెతో సరిపెట్టుకోడు, బిళ్లను బయటికి తీసి రంగు చూస్తాడు. తుప్పు రంగు తేలితే ఇనుము, పచ్చగా జిగటగా ఉంటే నాచు, బూడిద రంగులో ఉంటే బంకమట్టి అయివుండవచ్చునని ఊహిస్తాడు. వానలు పడ్డ మర్నాడు ఒక రంగు, వేసవి నడుమ మరో రంగు వస్తాయి. అందుకే పైలట్ పరీక్షను వీలైతే అన్ని కాలాలూ దాటేలా నడపాలంటారు. ఏడాది పొడవునా ఒక యంత్రానికి, ఇద్దరు ముగ్గురు మనుషులకు, కరెంటుకు, రసాయనాలకు ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. ప్రయోగశాల దశలో పరిశోధన గ్రాంట్లు ఉంటాయి, కర్మాగారం దశలో బ్యాంకులుంటాయి. నడిమి దశకు మాత్రం ఎవరూ ముందుకు రారు. నష్టం వస్తే తనది, లాభం వస్తే అందరిదీ అయ్యే పనికి ప్రైవేటు పెట్టుబడి వెనుకాడడంలో వింతేమీ లేదు.

ఈ సంగతిని అమెరికా ప్రభుత్వం డెబ్బయ్యేళ్ల కిందటే గుర్తించింది. 1952లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన సెలైన్ వాటర్ చట్టం ఐదేళ్లకు 20 లక్షల డాలర్లు కేటాయించింది. దాని కింద ఆఫీస్ ఆఫ్ సెలైన్ వాటర్ అనే విభాగం ఏర్పడింది. అప్పటికి ఏ పద్ధతి గెలుస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని అన్నింటినీ ప్రయత్నించారు. టెక్సాస్‌లోని ఫ్రీపోర్ట్‌లో నిలువు గొట్టాల్లో సముద్రపు నీటిని మరిగించే ప్లాంటు కట్టగా, 1961 జూన్‌లో కెనెడీ వైట్‌హౌస్ నుంచే మీట నొక్కి దాన్ని ప్రారంభించారు. సౌత్ డకోటాలోని వెబ్‌స్టర్‌లో విద్యుత్తుతో లవణాలను పక్కకు లాగే ఎలక్ట్రోడయాలసిస్‌ను, నార్త్ కరోలినా తీరంలోని రైట్స్‌విల్ బీచ్‌లో నీటిని గడ్డకట్టించి ఉప్పును వేరుచేసే పద్ధతిని పరీక్షించారు. శాన్ డియెగో దగ్గర పాయింట్ లోమాలో 1962లో మొదలైన ప్లాంటుదైతే సినిమా కథే: 1964లో క్యూబా తన గడ్డ మీదున్న అమెరికా గ్వాంటానమో నౌకా స్థావరానికి నీళ్లు ఆపేయగానే దాన్ని విడదీసి, ఓడ మీద అక్కడికి తరలించారు.

మరిగించే ప్లాంట్లకు వచ్చినంత పేరు ఆ రోజుల్లో పొరలకు రాలేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్ల్స్ రీడ్ ఇదే విభాగం నిధులతో సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పును ఆపగలదని చూపించాడు గాని, దాని గుండా నీరు చుక్కచుక్కగా మాత్రమే వచ్చేది. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ నిధులతో నడిచిన పరిశోధనలో, 1950ల చివర లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సిడ్నీ లోబ్, భారతదేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి, పైన పలుచని గట్టి పొర, కింద స్పాంజిలాంటి మందపాటి ఆధారం ఉండేలా దాన్ని తయారుచేయడంతో నీటి ప్రవాహం ఎన్నో రెట్లు పెరిగింది. 1965లో కాలిఫోర్నియాలోని కొయలింగా పట్టణంలో ఈ పొరలతో రోజుకు సుమారు 19 వేల లీటర్లిచ్చే చిన్న ప్లాంటు పెట్టారు. మన ఊళ్లలో ఇరవై లీటర్ల క్యాన్లు నింపే ఒక మోస్తరు వాటర్ ప్లాంటు అంత కూడా ఉండదేమో. అయినా రివర్స్ ఆస్మోసిస్ (ఆర్వో), అంటే నీటిని ఒత్తిడితో పొర గుండా నెట్టే పద్ధతి, తొలిసారిగా ఒక ఊరి ప్రజలకు నీళ్లిచ్చింది అక్కడే.

ఇవాళ మన వంటింటి ఆర్వో యంత్రంలో చుట్టి ఉండే పొరకు మూలం మరొకటి. మినియాపొలిస్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేసిన జాన్ కెడొట్, నీరూ నూనెలాంటి ద్రావకమూ తాకేచోట రెండు రసాయనాలను కలిపి, వెంట్రుక మందంలో కొన్ని వందల వంతు మాత్రమే ఉండే పాలీఎమైడ్ పొరను సృష్టించాడు. ఆ సంస్థ అప్పట్లో ప్రభుత్వ కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. తరవాత ఆయనా, సహచరులూ ఫిల్మ్‌టెక్ అనే కంపెనీ పెట్టారు, పేటెంటు తీసుకున్నారు, పోటీ కంపెనీల మీద దావాలు వేశారు. 1992లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెబుతూ, ఈ ఆవిష్కరణ ప్రభుత్వ కాంట్రాక్టు కాలంలోనే రూపుదిద్దుకుంది కనుక హక్కు ప్రభుత్వానిదేనని తేల్చింది. ప్రజాధనంతో పుట్టినది ఎవరి సొత్తు అన్న వాదన పైలట్ నిధుల వెనక ఎప్పుడూ ఉంటుంది. ఈ ఒక్క కేసులో దానికి స్పష్టమైన జవాబు దొరికింది.

ఆఫీస్ ఆఫ్ సెలైన్ వాటర్ మాత్రం ఎక్కువ కాలం బతకలేదు. 1974లో మరో కార్యాలయంలో కలిసింది, ఆ కార్యాలయాన్ని కూడా 1982లో మూసేశారు. పద్నాలుగేళ్ల విరామం తరవాత ఇల్లినాయ్ సెనేటర్ పాల్ సైమన్ చొరవతో 1996లో వాటర్ డీశాలినేషన్ చట్టం వచ్చింది. పరిశోధనకు ఏడాదికి 50 లక్షల డాలర్లు, ప్రదర్శన ప్రాజెక్టులకు మొత్తం 2.5 కోట్ల డాలర్లు అన్నది అందులోని ఆమోదం. బ్యూరో ఆఫ్ రెక్లమేషన్ ఇప్పటికీ నడుపుతున్న పరిశోధన కార్యక్రమానికి ఆధారం ఈ చట్టమే. అందులో ప్రయోగశాల దశకు వేరుగా, పైలట్ దశకు వేరుగా దరఖాస్తులు పిలుస్తారు. ఖర్చులో ప్రభుత్వ వాటా సగానికి మించకూడదన్నది సాధారణ నియమం. విశ్వవిద్యాలయాలకు కొంత మేరకు సడలింపు ఉంది. సగం సొంత డబ్బు పెట్టమనడం కఠినంగా కనిపించవచ్చు గాని, నా దృష్టిలో ఇది తెలివైన నియమం. తన యంత్రం మీద తనకే నమ్మకం లేనివాడు ఈ దరఖాస్తు పెట్టడు. పరీక్ష ముగిశాక నివేదికను ప్రచురించి అందరికీ అందుబాటులో ఉంచడం ఇంకా మంచి పద్ధతి. ఏ రసాయనం ఏ నీటిలో పనిచేయలేదో రాసి ఉన్న నివేదిక, విజయాన్ని చాటే కరపత్రం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

పైలట్ దశలో తెలియవలసినవి తెలియకపోతే ఏమవుతుందో ఫ్లోరిడాలోని టాంపా బే ప్లాంటు చూపించింది. ఒక విద్యుత్ కేంద్రం వాడి వదిలిన సముద్రపు నీటిని తీసుకొని రోజుకు 25 మిలియన్ గ్యాలన్లు, అంటే సుమారు 9.5 కోట్ల లీటర్లు, ఇవ్వడానికి దాన్ని రూపొందించారు. 2003లో నీళ్లివ్వడం మొదలుపెట్టిన కొద్దికాలానికే వడపోతలు పూడుకుపోసాగాయి. ఆసియా నుంచి వచ్చిపడ్డ ఆకుపచ్చ ఆల్చిప్పలు అందుకు తోడయ్యాయి. తప్పు పొరలది కాదు, పొరలకు ముందు నీటిని తేటపరిచే ఏర్పాటుది. మరమ్మతులు ముగిసి పూర్తి స్థాయిలో నడిచేసరికి 2008 వచ్చింది, 11 కోట్ల డాలర్ల అంచనా దాదాపు 15.8 కోట్లకు పెరిగింది.

అరిజోనాలోని యూమా ప్లాంటు సమస్య ఇంకో రకం. కొలరాడో నది నీరు మెక్సికోకు చేరేసరికి మరీ ఉప్పగా ఉంటోందన్న వివాదం మీద 1973లో రెండు దేశాలకు ఒప్పందం కుదిరింది, 1974 చట్టంతో ప్లాంటు నిర్మాణానికి అనుమతి వచ్చింది, కట్టడం పూర్తయ్యేసరికి 1992 అయింది. సుమారు 25 కోట్ల డాలర్ల ఆ ప్లాంటు మూడో వంతు సామర్థ్యంతో కొన్ని నెలలు నడిచి, 1993లో గీలా నది వరదలతో ఆగిపోయింది. ఈలోగా ప్లాంటుకు రావలసిన ఉప్పటి కాలువ నీరు మెక్సికో వైపు ఎడారిలోకి పోయి, సియెనెగా డి శాంటా క్లారా అనే విశాలమైన చిత్తడి నేలగా మారింది; పక్షులు స్థిరపడ్డాయి. ప్లాంటును నడిపితే ఆ నేల ఎండిపోయే ప్రమాదం. 2010, 2011లలో ఏడాది పాటు, మూడు నీటి సంస్థలు ఖర్చు పంచుకోగా, మళ్లీ మూడో వంతు స్థాయిలో నడిపి చూశారు. కట్టిన పద్దెనిమిదేళ్లకు పైలట్ పరీక్ష జరిగిందన్నమాట. పెళ్లయ్యాక జాతకాలు చూసుకోవడం ఇలాగే ఉంటుంది.

గత పదేళ్లలో నిధులు పెరిగాయి. 2019లో ఇంధన శాఖ లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల నాయకత్వంలోని ఒక కూటమికి ఐదేళ్లకు 10 కోట్ల డాలర్లు కేటాయించింది. 2021 మౌలిక వసతుల చట్టం నిర్లవణీకరణ (నీటి నుంచి ఉప్పు తీసే) ప్రాజెక్టులకు 25 కోట్ల డాలర్లిచ్చింది. పరిశోధకుల చూపు కూడా మారింది. సముద్రపు నీటి నుంచి సగం మంచినీరు తీయడానికి సిద్ధాంతరీత్యా ఘనమీటరుకు ఒక యూనిట్ కరెంటు చాలు, ఇప్పటి ప్లాంట్లు మూడు, నాలుగు యూనిట్లతో ఆ పని చేస్తున్నాయి. ఇక్కడ ఆదా చేయడానికి ఇంకా కొంత ఉంది గాని, దానికీ ఓ హద్దుంది. అసలు చిక్కు మిగులు ఉప్పునీటితో. తీరంలో దాన్ని సముద్రంలో కలిపి పలుచన చేయవచ్చు, లోపలి ప్రాంతాల్లో ఆ వీలు లేదు. అలమొగార్డోకు దక్షిణాన ఉన్న ఎల్ పాసో నగరంలో 2007లోనే మొదలైన కే బెయిలీ హచిసన్ ప్లాంటు రోజుకు 27.5 మిలియన్ గ్యాలన్ల తాగునీరు ఇవ్వగలదు. అందులో 15.5 మిలియన్లు పొరల గుండా వచ్చినవి, మిగతాది వాటితో కలిపే మామూలు బావి నీరు. ఈ పనిలో మిగిలే 3 మిలియన్ గ్యాలన్ల చిక్కటి ఉప్పునీటిని 22 మైళ్ల గొట్టం గుండా పంపి, లోతైన బావుల ద్వారా భూమి పొరల్లోకి దించుతున్నారు. మన వీధి ఆర్వో ప్లాంటు వెనక మోరీలోకి పడే రిజెక్టు నీరూ ఈ కోవలోదే, కాకపోతే దానికి ఎవరూ గొట్టం వేయలేదు.

అందుకే ఇప్పుడు అలమొగార్డోకు ట్రైలర్ల మీద వచ్చే యంత్రాల్లో కొన్ని మంచినీటి కోసం కాక ఈ మిగులు నీటి కోసం వస్తున్నవే: దాన్ని ఇంకా పిండేవి, జిప్సాన్ని ముందే రాబట్టేవి, సిలికాను గార కట్టకుండా ఆపేవి. పక్క మడుగులో ఎండిన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది; ఎంత మిగిల్చారో యంత్రం తెచ్చినవారికి నివేదిక రాయకముందే అక్కడ కనిపిస్తుంది.