ఐడియాను దాచిపెడితే భద్రంగా ఉంటుందా? అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో పేటెంట్ ఏజెంటుగా పనిచేస్తున్నాను, అంటే ఆవిష్కరణ మీద హక్కు కోరేవారి తరఫున దరఖాస్తులు వేస్తాను. కొత్త వస్తువు తయారుచేశామని వచ్చేవారిలో చాలామంది కూర్చోకముందే తలుపు వేయమంటారు. ఫోనులో అయితే వస్తువు పేరైనా చెప్పరు. "ముందు పేటెంట్ చేయించండి సార్, తర్వాత అన్నీ చెబుతాను" అంటారు. వివరాలు లేకుండా దరఖాస్తులో ఏం రాయాలో కూడా వారే చెబితే బాగుండును.

అపోహ: ఐడియా ఎవరికీ చెప్పకూడదు. పేటెంట్ చేతికి వచ్చాకే బయటపెట్టాలి.

వాస్తవం: జనం జేబులకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెడుతున్న అపోహ ఇదే. ఉత్త ఐడియాకు పేటెంట్ ఇవ్వరు. దాన్ని పనిచేయించే వస్తువుకో, తయారీ పద్ధతికో ఇస్తారు. అదీ కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవారికి ఇట్టే తట్టేది కాకూడదు. "మిర్చి తొడిమలు తీసే యంత్రం ఉంటే బాగుండు" అన్నది ఐడియా. ఎనుమాముల మార్కెట్లో ఆ మాట అనుకోని వారెవరు? తొడిమను యంత్రంలోని ఏ భాగం ఎలా పట్టుకుంటుంది, కాయ చిరగకుండా ఎలా లాగుతుంది అన్నదే ఆవిష్కరణ. మొదటిదాన్ని దాచి లాభం లేదు. రెండోదాన్ని దరఖాస్తు వేసేదాకా దాచాలి. మనవాళ్లు సరిగ్గా తలకిందులుగా చేస్తారు. సమస్య గురించి రైతును ఒక్క మాట అడగరు, యంత్రం లోపలి భాగాలను మాత్రం యూట్యూబులో పెడతారు.

మిర్చి యంత్రం మాట ఊరికే ఎత్తలేదు. నర్సంపేట వైపు నుంచి ఒక యువకుడు సరిగ్గా దానితోనే వచ్చాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో తాళం వేసుకుని తయారుచేశాడు, అప్పు తెచ్చి భాగాల తయారీకి డై (అచ్చు) కూడా చేయించాడు. మార్కెట్లో ఎవరినైనా అడిగావా అంటే, "వాళ్లకు చెబితే ఇంకేమైనా ఉందా సార్?" అన్నాడు. యంత్రాన్ని ఇంట్లోనే ఉంచమని, అది తీసిన కాయలను మాత్రం సంచిలో వేయించి, తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి తీసుకువెళ్లాను. ఒక పెద్దావిడ నాలుగు గుప్పెళ్లు చేటలో పోసి కుదిపింది. కాయలు పక్కకు నెడితే అడుగంతా గింజలే. "తొడిమ ఊడేచోట కాయ చిరుగుతోంది బిడ్డా. గింజ రాలిన కాయను ఎవరు కొంటారు?" అంది. లోపల ఏ చక్రం ఉందని అక్కడ ఒక్కరూ అడగలేదు. కాయలు చూసినంత మాత్రాన యంత్రం గుట్టు బయటపడదు కదా. ఆ తర్వాత అతను పట్టుకునే భాగాన్ని పూర్తిగా మార్చాడు, ఆ మార్పుతోనే దరఖాస్తు వేశాం. డై మాత్రం పాత ఇనుము ధరకు పోయింది. అప్పు ఇంకా తీరలేదు.

చీర నేతకు ముందు చేత్తో నూలు చుట్టే పనిని (దాన్నే ఆసు పోయడం అంటారు) చేసిపెట్టే ఆసు యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారి సంగతే చూడండి. ఆసు పోసే ఆడవాళ్ల చేతుల నొప్పి చేనేత ఊళ్లలో ఎవరికి తెలియదు? అందులో రహస్యమేముంది? ఆ నొప్పిని తప్పించే యంత్రమే ఆవిష్కరణ.

భయపడేవారిని తప్పుపట్టను. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు మరి. అలాంటివారి కోసమే చట్టంలో ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు ఉంది. వ్యక్తులకు ఆన్‌లైన్లో ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, మా ఫీజు వేరు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలో ఉన్నా రైలెక్కాల్సిన పని లేదు. దరఖాస్తు వేసిన తేదీ మీదవుతుంది, ఆ తర్వాత అదే వస్తువుతో ఎవరు వచ్చినా మీరే ముందు. 12 నెలల్లోగా పూర్తి వివరాలతో రెండోది వేయాలి, లేదంటే మొదటిది వదులుకున్నట్టే. ఆ 12 నెలల్లోనే నలుగురికీ చూపించండి, వాడించండి, తిట్లు తినండి. ఒక జాగ్రత్త: ప్రొవిజనల్‌లో యంత్రం ఎలా పనిచేస్తుందో రాయాలి. అక్కడ లేనిదాన్ని తర్వాత చేరిస్తే పాత తేదీ వర్తించదు.

దరఖాస్తుకు ముందే డై చేసేవారికో, లేత్ మిషను వారికో చూపించాల్సి వస్తే, బయటపెట్టబోమని కాగితం మీద సంతకం తీసుకోండి. సొంత వీడియో అయినా సరే, ముందుగా జనంలో పెడితే కొత్తదనం పోయినట్టే. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకు 12 నెలల మినహాయింపు ఉంది గానీ, కళాశాల ఉత్సవానికీ అది వర్తిస్తుందని అనుకోవద్దు.

పేటెంట్ వచ్చేదాకా ఆగుతామనేవారికి ఇంకో మాట. 20 ఏళ్ల గడువు పేటెంట్ వచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు వేసిన రోజు నుంచి లెక్క. తాళం వేసుకుని కూర్చున్న ప్రతి ఏడాదీ అందులోంచే పోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వివరాలు రాసి తన చిరునామాకే పోస్టు చేసుకుని, కవరు విప్పకుండా ఉంచితే హక్కు వస్తుందా? రాదు. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ తెరవని కవర్లు నా ముందు చాలానే పెట్టారు. ప్రపంచమంతటికీ చెల్లే పేటెంట్ ఉందా? లేదు, ఏ దేశానికి ఆ దేశంలోనే తీసుకోవాలి. దరఖాస్తు నంబరు రాగానే పెట్టె మీద "పేటెంట్ పొందినది" అని అచ్చు వేయవచ్చా? వద్దు, జరిమానా పడుతుంది. బ్రాండు పేరుకు ట్రేడ్‌మార్క్, పైరూపానికి డిజైన్ రిజిస్ట్రేషన్, ఇవి వేరు. వరంగల్ దరీలకు 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఒక్కరి సొత్తు కాదు. చిన్న పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన ఉద్యం నమోదు ఉచితం. అది మీ వస్తువు మంచిదని ఇచ్చే సర్టిఫికెట్ కాదు, దానికి వేలల్లో అడిగేవారికి డబ్బు ఇవ్వకండి.

"మీ ఐడియాను పెద్ద కంపెనీకి అమ్మిపెడతాం, ముందు కొంత కట్టండి" అని ఫోన్లు వస్తాయి. ఫోను పెట్టేయండి. పేటెంట్ ఏజెంటునని ఎవరైనా చెబితే, పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులోని నమోదైన ఏజెంట్ల జాబితాలో వారి పేరు ఉందో లేదో చూసుకోండి. నా పేరు కూడా చూసుకున్నాకే రండి.